తోడంటు

1998 నుంచి 2002 దాకా అమెరికా చేరిన తెలుగు జంటల ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు తీస్తే ఒక చిన్న స్టీలు గిన్నె కనబడేది. మూత మీద టేపు ముక్క, దాని మీద పెన్నుతో రాసిన "తోడు, తీయొద్దు" అన్న మాట. లోపల రెండు చెంచాల పెరుగు, అంతే. ఉప్పు నిండుకుంటే కొట్టుకెళ్ళి తెచ్చుకోవచ్చు. ఆ రెండు చెంచాలు అయిపోతే మాత్రం ఇంకో తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళి అడగాల్సిందే. ఆ రోజుల్లో పరాయి దేశంలో మన కాపురాలు ఎలా కుదుటపడ్డాయని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గిన్నే.

కొట్లో పెరుగు దొరక్క కాదు. అర మీద వరసగా డబ్బాలుండేవి. కాని వాటిలో చాలావాటికి గట్టిగా నిలబడటానికి జెలటినో పెక్టినో మొక్కజొన్న పిండో కలుపుతారు. జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది కాబట్టి శాకాహారుల ఇళ్ళలో ఆ డబ్బా గుమ్మం దాటి లోపలికి రాదు. తోడుకు పనికొచ్చే డబ్బా కావాలంటే పైన "ప్లెయిన్" అని ఉండాలి, పదార్థాల పట్టికలో పాలు, సూక్ష్మజీవులు తప్ప మరేమీ ఉండకూడదు. తొందరలో వెనిల్లా డబ్బా పట్టుకొచ్చి తోడు వేస్తే గిన్నెడు పాలూ ఐస్‌క్రీం వాసన కొట్టేవి. ఆ పెరుగులో ఆవకాయ నంజుకోవడం ఎవరివల్లా కాదు.

పాలు గ్యాలన్ క్యాను, అంటే 3.78 లీటర్లు. కొవ్వు 3.25 శాతం ఉండే హోల్ మిల్క్ తీసుకుంటేనే పెరుగు గరిటెకు నిలుస్తుంది. ఈ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి కదా, మళ్ళీ కాచడం ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవారు. క్రిములు చావడానికి కాదు, పెరుగు గట్టిగా పేరుకోవడానికి. 180 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 82 సెల్సియస్ దాకా వేడెక్కితే పాలలోని ఒకరకం మాంసకృత్తులు విచ్చుకుని, తోడుకునేటప్పుడు మిగతావాటితో పెనవేసుకుంటాయి. అలా కాచకుండా తోడేస్తే పెరుగు పలచగా, నీరోడుతూ వస్తుంది. కాచాక 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చల్లారనివ్వాలి. థర్మామీటర్ లేని ఇళ్ళలో చిటికెన వేలే కొలత: వేలు ముంచి పది లెక్కపెట్టే దాకా ఓర్చుకోగలిగితే సరిపోయినట్టు. అర లీటరుకు ఒక చెంచా తోడు. ఎక్కువ వేస్తే త్వరగా పులుస్తుంది తప్ప బాగా తోడుకోదు.

చిక్కంతా ఆ తరవాతే. మన ఊళ్ళో వంటింటి గట్టు మీద మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పెరుగు. అక్కడ జనవరిలో హీటర్ 68 డిగ్రీల మీద ఉంటే గది 20 సెల్సియస్. ఆ చలికి పాలు పాలుగానే ఉంటాయి, లేదంటే జిగురుగా తీగలు సాగుతాయి. దీనికి మనవాళ్ళు కనుక్కున్న ఉపాయం ఓవెన్ దీపం. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం ఒక్కటే వేసి ఉంచితే ఆ 40 వాట్ల బల్బు వేడికే లోపల మన వైశాఖమాసపు వంటిల్లంత వెచ్చగా ఉంటుంది. ఆరేడు గంటల్లో గిన్నె వంచినా జారని పెరుగు. బల్బుకు మరీ ఆనించి పెడితే ఒక పక్క పులిసి ఒక పక్క పచ్చిగా ఉంటుంది కాబట్టి గిన్నె కింది అరలో, మధ్యగా ఉండాలి. మధ్యలో తలుపు తీసి గిన్నె కదిపి చూస్తే నీరు విడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, లోపల గిన్నె ఉందని మరిచి ఇంకొకరు ఓవెన్ 350కి తిప్పడం. ప్లాస్టిక్ డబ్బా అయితే కరిగి అడుగు కమ్మీలకు అంటుకుపోతుంది, నెల రోజులపాటు వాసన. అందుకే ఓవెన్ మీట మీద పసుపుపచ్చ చీటీ ఒకటి అతికించి ఉంచడం ఆ ఇళ్ళ ఆనవాయితీ.

చుట్టుపక్కల ఒక్క తెలుగు ఇల్లూ లేని ఊళ్ళో పడ్డవాళ్ళు పచ్చిమిరప తొడిమలతో మొదలుపెట్టేవారు. నాలుగైదు తొడిమలు కడిగి గోరువెచ్చని పాలలో వేసి పన్నెండు గంటలు వెచ్చగా ఉంచితే పలచగా, కాస్త కారం వాసనతో ఏదో ఒకటి తోడుకుంటుంది. అది తినడానికి కాదు. దాన్ని తోడుగా వేస్తే రెండో గిన్నె కొంత నయం, మూడో గిన్నె అసలు పెరుగు. ఒకసారి కుదిరాక ఇక దాన్ని పోనివ్వకూడదు. వారానికి ఒకసారైనా తోడేయాలి, తినడం మొదలుపెట్టకముందే రెండు చెంచాలు పక్కకు తీయాలి.

అసలు అక్కడిదాకా చేరడమే ఒక పెద్ద ప్రయాణం. 1998 అక్టోబరులో వచ్చిన చట్టం ఉద్యోగం మీద వెళ్ళేవారికిచ్చే హెచ్-1బి వీసాల కోటాను ఏడాదికి 65,000 నుంచి 1,15,000కు పెంచింది. 2000లో వచ్చిన మరో చట్టం దాన్ని మూడేళ్ళపాటు 1,95,000 చేసింది. 2003 అక్టోబరు నుంచి మళ్ళీ 65,000. మధ్యలో ఉన్న ఆ అయిదేళ్ళలో అమీర్‌పేట సందుల్లో కోబాల్, ఒరాకిల్ నేర్చుకున్న కుర్రాళ్ళు ముందు వెళ్ళేవారు. ఏడాదికో రెండేళ్ళకో మూడు వారాల సెలవు మీద వచ్చేవారు. ఆ మూడు వారాల్లోనే పెళ్ళిచూపులు, పెళ్ళి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్, చెన్నైలో వీసా స్టాంపింగ్. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 దాకా లేదు. అందుకని కొత్త పెళ్ళికూతురు కాళ్ళ పారాణి ఆరకముందే చార్మినార్ ఎక్స్‌ప్రెస్సో పినాకినో ఎక్కి, జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేటు ముందు తెల్లవారుజామున వరసలో నిలబడేది. చేతిలో పెళ్ళి శుభలేఖ, ఫొటో ఆల్బం, పెళ్ళి సర్టిఫికెట్, భర్త అప్రూవల్ నోటీసు నకలు, అతని జీతం చీటీలు.

అక్కడే పేర్ల తిప్పలు మొదలు. మనకు ఇంటిపేరు ముందు, పిలిచే పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి వేరువేరు. పేరంతా ఒకే గడిలో నింపి రెండోది ఖాళీగా వదిలేసినవాళ్ళకు వీసా మీద ముందుపేరు స్థానంలో ఎఫ్ఎన్‌యు అని అచ్చయ్యేది. ముందుపేరు తెలియదు అని దానర్థం. బ్యాంకులో, లైసెన్సులో, బీమా కార్డులో అదే పేరై కూర్చునేది. ఆసుపత్రి నర్సు ఆ మూడక్షరాలనే కూడబలుక్కుని పిలిస్తే, పిలిచింది తననేనని ఆ అమ్మాయికి తెలిసేది కాదు. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న పాస్‌పోర్టును మార్చాలా వద్దా అన్న దానికి అనుభవజ్ఞుల సలహా ఒకటే: ప్రయాణానికి ముందు మార్చొద్దు, టికెట్టు, పాస్‌పోర్టు, వీసా మూడింటి మీదా అక్షరం తేడా లేకుండా ఒకే పేరు ఉండనివ్వండి.

అప్పట్లో మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు. అందులో కుక్కరు, దానికి అదనంగా రెండు గ్యాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు, ఇడ్లీ రేకులు, పోపు గరిటె, కారం, పసుపు, ఇంగువ, కందిపొడి. ఆవకాయ సీసా సర్దడం మాత్రం ఒక విద్య. పైన గాలిలో పెట్టెలుండే చోట గాలి ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ, సీసాలో బిగిసి ఉన్న గాలి వ్యాకోచించి నూనెను మూత సందుల్లోంచి తోసేస్తుంది. పైగా కొత్తావకాయ ఇంకా ఊరుతూ ఉంటుంది. అందుకని మూడు వారాలు దాటిన పచ్చడే కట్టాలి. సీసా ముప్పావు వంతే నింపి, మూతికి ప్లాస్టిక్ కాగితం వేసి మూత బిగించి, చుట్టూ టేపు చుట్టి, రెండు కవర్లలో ముడివేసి, పాత తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో చీరల మధ్య కాకుండా లుంగీల మధ్య పెట్టాలి. కారినా పోయేది లుంగీలే. కరివేపాకు, విత్తనాలు, మామిడికాయలు పెట్టకూడదు. కస్టమ్స్‌వాళ్ళు తీసి పారేస్తారు, దానికి కారణమూ ఉంది: కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోస్తుంది. ఆ పురుగు ఫ్లారిడాలో 1998లో కనబడింది, తెగులు 2005లో.

దిగిన వారంలో ఇల్లే కొత్త పాఠాలు చెప్పేది. స్విచ్ పైకి నొక్కితే దీపం వెలుగుతుంది. కుళాయి ఎడమ పక్క వేడినీళ్ళు. స్నానాల గది నేలకు తూము ఉండదు. మనవాళ్ళు అలవాటుగా టబ్బు బయట నిలబడి చెంబుతో గుమ్మరించుకుంటే ఆ నీళ్ళు కింది వాటా కప్పులోంచి కారేవి, మరమ్మతు ఖర్చు డిపాజిట్లోంచి పోయేది. తెర అంచు ఎప్పుడూ టబ్బు లోపలికే ఉండాలి. గిన్నెలు కడిగే యంత్రంలో దాని పొడి బదులు సింకు దగ్గరి ద్రవం సబ్బు పోస్తే పావుగంటలో నురగ తలుపు సందుల్లోంచి పొంగి హాల్లో కార్పెట్ దాకా వస్తుంది. ఆపేసి, లోపల గుప్పెడు ఉప్పు చల్లి, నురగ అణిగాక ఉత్త నీళ్ళతో రెండు సార్లు తిప్పాలి. సింకు కింద వ్యర్థాలు నలిపే మోటారులో కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, మామిడి టెంక పడితే మూలుగుతూ ఆగిపోతుంది. చెయ్యి పెట్టకూడదు. స్విచ్ ఆపి, అడుగున ఉన్న రంధ్రంలో పావు అంగుళం ఆరుపలకల తాళం దూర్చి అటూ ఇటూ తిప్పి, పక్కనున్న ఎర్ర బొత్తం నొక్కితే తిరిగి పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక మెకానిక్ కోసం రెండు రోజులు ఎదురుచూసిన ఇళ్ళెన్నో.

కరెంటు కాయిల్ పొయ్యి దగ్గర పాలు పొంగని ఇల్లు లేదు. గ్యాసు ఆపగానే మంట ఆగుతుంది. కాయిల్ ఆపినా చాలాసేపు వేడిగానే ఉంటుంది. మీట ఆపడం కాదు, గిన్నెను పక్క కాయిల్ మీదకు జరపాలి. గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద నిలవదు, బల్లపరుపు అడుగున్నదే పనికొస్తుంది. ఇక పోపు. ఎండుమిరపకాయ నూనెలో నల్లబడే లోపే పొగ అలారం మోగేది. పొయ్యి మీద ఉన్న ఫ్యాను పొగను బయటికి పంపుతుందనుకుంటారు. చాలా అపార్ట్‌మెంట్లలో అది జల్లెడలోంచి లాగి మళ్ళీ గదిలోకే వదులుతుంది. అందుకని పోపు వేసే ముందు కిటికీ తీయాలి, పడకగది తలుపు వేయాలి, కోట్లు వేలాడదీసిన అలమర తలుపు వేయాలి. చలికోటు ఇంగువను, వెల్లుల్లిని పీల్చుకున్నంతగా మరేదీ పీల్చుకోదు, దాన్ని ఇంట్లో ఉతకడానికీ కుదరదు. అలారం బ్యాటరీ పీకేయడం మాత్రం చేయకూడని పని. లీజుకు విరుద్ధం సరే, చెక్కతో కట్టిన ఇళ్ళు అవి.

ఇండియా నుంచి తెచ్చిన మిక్సీని సరాసరి గోడకు తగిలిస్తే తిరుగుతున్నట్టే ఉంటుంది, నానిన మినపప్పు పడగానే ఆగిపోతుంది. అక్కడ వోల్టేజీ మనదాంట్లో సుమారు సగమే. వోల్టేజీ సగమైతే శక్తి సుమారు పావు వంతుకు పడిపోతుంది. ఆగిన మోటారులోంచి కరెంటు పారుతూనే ఉండి తీగచుట్ట కాలుతుంది. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ మిక్సీ వాట్లకు రెట్టింపుది: 500 వాట్ల మిక్సీకి 1000 వాట్లది. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు చాలా ఎక్కువ కాబట్టి. ఆ ఇనపదిమ్మ మోయలేక చివరికి చాలామంది 110 వోల్టుల సుమీత్ మిక్సీ కొనుక్కున్నారు.

పెళ్ళి వీడియోదీ ఇలాంటి కథే. అమ్మాయి పెట్టెలో పట్టుచీరల మధ్య భద్రంగా వచ్చిన క్యాసెట్‌ను తొలి శనివారం వీసీఆర్‌లో పెడితే తెర మీద నలుపు తెలుపు చారలు పైకి పాకుతూ ఉండేవి. మన దేశంలో పాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అక్కడ ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు సుమారు 30. క్యాసెట్ ఆకారం ఒకటే కావడంతో ఎవరికీ ముందు అనుమానం రాదు. ఇండియన్ స్టోర్‌లో సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే ఆయన దగ్గర ఇస్తే మార్చి ఇచ్చేవారు. రెండు వారాలు పట్టేది. తాళి కట్టే ఘట్టం, అప్పగింతలు చూడాలని కూర్చున్న పిల్లకు ఆ రెండు వారాలు ఎంత పొడుగో ఊహించుకోవచ్చు.

కాగితాల సంగతి చెప్పాలంటే, భర్తకు ఒక దారి ఉండేది. పది రోజులాగి సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పాస్‌పోర్టు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో విమానాశ్రయంలో రాసిచ్చిన తెల్లకార్డు) చూపిస్తే రెండు వారాల్లో కార్డు ఇంటికి వచ్చేది. దానితో జీతం, బ్యాంకు, అన్నీ. అప్పు చరిత్ర లేదు కాబట్టి క్రెడిట్ కార్డు ఎవరూ ఇచ్చేవారు కాదు. 300 నుంచి 500 డాలర్లు బ్యాంకులోనే తాకట్టు పెట్టి, అంతే పరిమితి ఉన్న కార్డు తీసుకుని, నెలనెలా పూర్తిగా కట్టుకుంటూ పోతే ఏడాదికి మామూలు కార్డు.

హెచ్-4 మీద, అంటే భర్త వీసాను ఆధారం చేసుకుని ఇచ్చే వీసా మీద వచ్చిన భార్యకు ఆ తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబరే లేదు. పని చేయడానికి అనుమతి లేనివారికి మామూలుగా ఇవ్వరు. పన్ను కాగితాల్లో ఆమె పేరు చేర్చడానికి ఐటిన్ అనే వేరే నంబరు, అది 9తో మొదలవుతుంది. డ్రైవింగ్ లైసెన్సుకు కొన్ని రాష్ట్రాల్లో సోషల్ నంబరు అడిగేవారు. అప్పుడు అదే ఆఫీసుకు వెళ్ళి "ఈమెకు నంబరు ఇవ్వడం కుదరదు" అని రాయించుకున్న ఉత్తరం తీసుకెళ్ళి చూపించాలి. కాదన్న కాగితమే ఆధారమన్నమాట. ఇంకొకటి, చాలామంది దెబ్బతిన్నది ఇక్కడే: కంపెనీ భర్త వీసా పొడిగింపుకు దరఖాస్తు చేస్తే భార్యది దానంతట అదే పొడిగిపోదు. ఆమెకు ఐ-539 అనే వేరే ఫారం, వేరే రుసుము. పైగా పాస్‌పోర్టు గడువు ముందే ముగిసేలా ఉంటే విమానాశ్రయంలో ఆమె ఐ-94 మీద ఆ తేదీయే వేసేవారు. భర్తది 2002 దాకా ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే భార్య గడువు 2001లోనే దాటిపోయి ఉండేది. ఇద్దరి తెల్లకార్డుల మీదా తేదీలు విడివిడిగా చూసి క్యాలెండరులో రాసిపెట్టుకోవాల్సి వచ్చేది. పాస్‌పోర్టులో అంటించిన వీసా మీది తేదీ దేశంలోకి రావడానికి మాత్రమే.

ఈ మాట చెప్పకుండా ఉండలేను. ఆఫీసుకు వెళ్ళేవాడికి కొత్త దేశం ఒక క్రమంలో అలవాటయ్యేది. పొద్దున ఎక్కడికి వెళ్ళాలో తెలుసు, మాట్లాడటానికి మనుషులున్నారు, మధ్యాహ్నం అన్నం డబ్బా వేడి చేసుకునే మైక్రోవేవ్ దగ్గర ఇంకో తెలుగువాడు ఉంటాడు. ఇంట్లో ఉన్నమ్మాయి ఇంజనీరింగో, ఎమ్మెస్సీయో చదివింది, కొందరు లెక్చరర్ ఉద్యోగం వదులుకుని వచ్చారు. ఎనిమిదిన్నరకు తలుపు మూసుకున్నాక సాయంత్రం ఆరింటి దాకా ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. కాలిబాట లేని ఊరు, బస్సు లేని ఊరు. కారున్నా అది ఆఫీసుకు పోయింది. ఆ రోజుల్లో సర్దుబాటు అంటే అందరూ ఉద్యోగం గురించే మాట్లాడారు. ఎక్కువ సర్దుకున్నది ఆమె, ఆ లెక్క ఎవరూ రాయలేదు. హెచ్-4 వారిలో కొందరికైనా పని అనుమతి దొరికింది 2015 మే 26 నుంచి, అదీ భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే.

ఆమె పేరు మీద వచ్చే మొదటి కార్డు ఊరి లైబ్రరీది. ఉచితం, సోషల్ నంబరు అక్కరలేదు, చిరునామా రుజువు ఒక్కటి చాలు. అందుకే తెలిసినవాళ్ళు కొత్త జంటకు చెప్పే మొదటి మాట, కరెంటు బిల్లు ఇద్దరి పేర్ల మీద తీసుకోండి, లీజులోనూ ఇద్దరి పేర్లు రాయించండి అని. ఆ ఒక్క బిల్లుతో లైబ్రరీ కార్డు, బ్యాంకు ఉమ్మడి ఖాతా, లైసెన్సు అన్నీ వచ్చేవి. లైబ్రరీలో ఇంగ్లిషు మాటలాడే తరగతులు జరిగేవి. మనవాళ్ళకు ఇంగ్లిషు వచ్చు, ఆ ఊరివాళ్ళ యాస చెవికెక్కడానికి అవి పనికొచ్చేవి. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డులేదు. కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో కోర్సు చేసుకుంటూ, తరవాత సొంతంగా హెచ్-1 తెచ్చుకున్న అమ్మాయిలు చాలామంది.

కారు నేర్పేది ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న మాల్ పార్కింగులో. క్లచ్ లేదు కాబట్టి ఎడమకాలిని సీటు కిందికి మడిచిపెట్టుకోవాలి. అలవాటుగా రెండు కాళ్ళూ వాడితే బ్రేకు మీద ఎడమకాలు పడి కారు ముక్కు నేలకు కొట్టుకున్నట్టు ఆగుతుంది. నాలుగు వైపులా స్టాప్ గుర్తున్న కూడలిలో ముందొచ్చినవాడు ముందు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కవాడు ముందు. మనవాళ్ళు టెస్టులో తప్పేది ఎక్కువగా స్టాప్ దగ్గరే. వేగం తగ్గించి పోతే ఆగినట్టు కాదు, చక్రం పూర్తిగా నిలిచిపోవాలి.

శనివారం రాత్రి ఫోను. డల్లాస్‌లో తొమ్మిదైతే శీతాకాలంలో మనకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర, ఎండాకాలంలో ఏడున్నర. గడియారం మారేది 2006 దాకా ఏప్రిల్ తొలి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. 2007 నుంచి మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ఈ సంగతి అమ్మానాన్నలకు చెప్పకపోతే ఫోను దగ్గర గంటసేపు కూర్చుని కంగారుపడేవారు. ఇండియన్ స్టోర్‌లో పది డాలర్ల ఫోను కార్డు కొని, వెనక వెండిపూత గీకి, ముందు టోల్ ఫ్రీ నంబరు, తరవాత కార్డు అంకెలు, తరవాత 011, 91, ఊరి కోడు, ఇంటి నంబరు. హైదరాబాదుకు 40, బెజవాడకు 866, గుంటూరుకు 863. మొత్తం ముప్పై అయిదు అంకెల దాకా నొక్కాలి, చివరి అంకె తప్పితే మళ్ళీ మొదటి నుంచి. కార్డులో అరవై నిమిషాలున్నాయని చెప్పే గొంతును నమ్మకూడదు. కలిసిన ప్రతిసారీ కొంత కోత, మాట్లాడినా మాట్లాడకపోయినా మూడేసి నిమిషాల లెక్క. అందుకని మూడుసార్లు చిన్నగా చేసేకన్నా ఒకేసారి పొడుగ్గా మాట్లాడటం మేలు. ముందు నాన్న ఒక నిమిషం, ఆరోగ్యం, వాన పడిందా అని. మిగతాదంతా అమ్మ. ఆమె చెప్పే పప్పుచారు కొలతలు ఇటు కాగితం మీద రాసుకునేవారు: చింతపండు నిమ్మకాయంత, ఉప్పు నీ చేతి అంచనా.

ఆ అంచనా అక్కడ కుదిరేది కాదు, ఎందుకంటే కూరలే వేరు. బీరకాయ చైనావాళ్ళ కొట్లో చైనీస్ ఓక్రా అన్న పేరుతో దొరికేది. కాకర బిట్టర్ మెలన్, కొత్తిమీర సిలాంట్రో. పచ్చిమిరపకు మెక్సికో వాళ్ళ సెరానో సరిపోయేది. దోసకాయ మాత్రం ఎక్కడా లేదు. గోంగూర తోటకూరంత సులువుగా పెరుగుతుంది గాని చలి ఓర్చుకోదు. మే నెలలో రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన నిలిచాకే గింజ వేయాలి, పొద్దు కురచయ్యే సెప్టెంబరు, అక్టోబరుల్లో పూతకొచ్చి ఆకు తగ్గిపోతుంది. టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్ళు పెరట్లో వేసి, ఆగస్టులో సంచులకొద్దీ పంచేవారు. ఆ సంచి అందుకున్న ఇంట్లో ఆ సాయంత్రం కొలతలు అడగడానికి ప్రత్యేకంగా ఒక ఫోను కార్డు ఖర్చయ్యేది.

ఇడ్లీ పిండికీ ఓవెన్ దీపమే దిక్కు. గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, రుబ్బాక పన్నెండు నుంచి పదహారు గంటలు. గిన్నె సగమే నింపి, అడుగున పళ్ళెం పెట్టాలి. పొంగిన పిండి ఓవెన్ అడుగున ఎండితే గీకడం చాలా కష్టం. చలికాలంలో పేరుకున్న కొబ్బరినూనె సీసానూ పొద్దున్నే అదే వెచ్చదనంలో పెట్టేవారు. 76 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితేగాని అది కరగదు.

2001లో పనులు పోయినప్పుడు ఈ ఇళ్ళ ముడి ఎంత గట్టిదో తెలిసింది. ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017 జనవరిలో వచ్చింది. అప్పుడు అది లేదు, ఉద్యోగం పోయిన రోజు నుంచే భయం. లీజు మధ్యలో వదిలేస్తే రెండు నెలల అద్దె జరిమానా. అందుకని ఒక జంట తమ ఇల్లు ఖాళీ చేసి ఇంకో జంట ఇంట్లో రెండో పడకగదిలోకి చేరేది. అద్దె సగం సగం, సరుకులు వారం మార్చి వారం, ఫోను బిల్లు ఎవరి పిలుపులు వాళ్ళు గుర్తుపెట్టి. ఫ్రిజ్‌లో అరలు పంచుకునేవారు. తోడు గిన్నె మాత్రం ఒకటే.

ప్రాజెక్టు మారితే ఊరు మారడమే. సోఫా ఇచ్చేసి, పరుపులు అమ్మేసి, యూ-హాల్ అద్దె ట్రక్కు తాళాలు తెచ్చుకున్న రోజు కూడా ఆఖరున ఖాళీ చేసేది ఫ్రిజ్. రెండు రోజుల ప్రయాణమైతే తోడును మంచు తట్టలో చెంచా చెంచాగా పోసి గడ్డ కట్టించి, జిప్ సంచిలో వేసి, ఐస్ పెట్టెలో పెట్టుకెళ్ళాలి. గడ్డకట్టినంత మాత్రాన అది చావదు, రెండు మూడు నెలలైనా పనిచేస్తుంది, మొదటి గిన్నె తోడుకోవడానికి ఒకటి రెండు గంటలు ఎక్కువ తీసుకుంటుంది అంతే. కరిగించేటప్పుడు మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. బయల్దేరేముందు మరో రెండు చెంచాలు పక్కింటి కొత్త జంటకు ఇచ్చి వెళ్ళాలి. దారిలో మనది పాడైతే ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు తెచ్చిపెడతారు.

కొత్త ఇంట్లో మొదటి సాయంత్రం పెట్టెలు విప్పకముందే ఓవెన్ తలుపు తీసి దీపం వెలుగుతుందో లేదో చూసుకోవాలి. వెలగకపోతే అడగాల్సింది 40 వాట్ల అప్లయన్స్ బల్బు, మామూలు బల్బు ఆ వేడికి నిలవదు. లోపలి గాజు చిప్పను ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది. ఆ ముందు ఓవెన్ పూర్తిగా చల్లారి ఉండాలి, గోడ దగ్గర దాని ఫ్యూజు మీట ఆపి ఉండాలి.